వాదర కాపాడిన చేతులు

1790ల నాటి లండన్ పత్రికలు తిరగేసేవాళ్లకు జార్జ్ ప్యాక్‌వుడ్ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. గ్రేస్‌చర్చ్ వీధిలో ఆయన దుకాణం. అమ్మే సరుకు గడ్డం కత్తిని రుద్దుకునే తోలుపట్టీ, దానికి పూసే ముద్ద. ప్రకటనలను మాత్రం కథలుగా, పద్యాలుగా, సంభాషణలుగా, పొడుపుకథలుగా అచ్చు వేయించాడు. 1796లో వాటిని కూర్చి ‘ప్యాక్‌వుడ్స్ విమ్’ అనే పుస్తకం కూడా తెచ్చాడు. వ్యాపార ప్రకటనల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు.

తోలుముక్కకు అంత ప్రచారం ఎందుకు?

అంతకుముందు చాలామందికి గడ్డం గీయడం క్షురకుడి పని. కత్తి ఆయనది, రాయి ఆయనది, పదును పోకుండా చూసుకునే పూచీ కూడా ఆయనదే. 1740లలో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉక్కును మూసలో పూర్తిగా కరిగించే పద్ధతి సాధించాడు. అంతటా ఒకే తీరుగా ఉండే గట్టి ఉక్కు దొరికింది, దానితో మేలైన గడ్డం కత్తులు అంగళ్లకెక్కాయి. 1769లో పారిస్‌కు చెందిన కత్తుల తయారీదారు జాన్-జాక్ పెరే, ఎవరి గడ్డం వాళ్లే గీసుకోవడం నేర్పే పుస్తకం వెలువరించాడు. అలా కత్తి ఇళ్లలోకి వచ్చింది కానీ, తరాలుగా క్షురకుల చేతుల్లో ఉన్న నూరే విద్య దాని వెంట రాలేదు. ప్యాక్‌వుడ్ వ్యాపారమంతా ఆ లోటు మీదే నడిచింది.

ఆ విద్యలో పనులు రెండు: రాయి మీద నూరడం, తోలు మీద రుద్దడం. నూరేటప్పుడు కత్తి వెన్ను, వాదర రెండూ రాయికి ఆనాలి. కోణాన్ని వెన్ను మందమే నిర్ణయిస్తుంది కాబట్టి చేత్తో కొలుచుకోవాల్సిన పని లేదు. వాదర ముందు నడుస్తుంది, రాయి ఉక్కును అరగదీస్తుంది. తోలు మీద నడక తిరగబడుతుంది. వెన్ను ముందు, వాదర వెనక. వాదరను ముందుకు తోస్తే తోలు తెగిపోతుంది. పట్టీ చివరికి చేరాక కత్తిని వెన్ను మీదే తిప్పాలి. వాదర మీద తిప్పితే అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా. పట్టీ వదులుగా వేలాడితే వాదర గుండ్రబడుతుంది కనుక బిగించి పట్టుకోవాలి. ఉత్త తోలు ఉక్కును పెద్దగా అరగదీయదు, అటూ ఇటూ ఒరిగిన సన్నని అంచును సరిచేస్తుంది. అందుకే తోలు ప్రతి గడ్డానికీ కావాలి, రాయి చాలా రోజులకోసారి చాలు.

ఉక్కుతో పోలిస్తే వెంట్రుక ఏపాటిది? గట్టిదనంలో ఉక్కు దానికి 50 రెట్లు. అయినా పదును పోతుంది. ఎందుకో 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద రేజర్ బ్లేడ్లను పరిశీలించి చెప్పారు. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు నిర్మాణం సమంగా లేని చోట అంచు సూక్ష్మంగా పెచ్చు లేస్తుంది.

రాళ్ల చరిత్ర ఉక్కు కత్తులకంటే పాతది. ఒకటో శతాబ్దిలో రోమన్ రచయిత ప్లినీ సానరాళ్లను నూనెతో వాడేవి, నీటితో వాడేవి అని విడదీస్తూ, క్షౌరశాలల్లో ఉమ్మితో తడిపి నూరే స్పెయిన్ రాళ్లనూ పేర్కొన్నాడు. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో, వియల్‌సామ్ పరిసరాల్లో దొరికే లేత పసుపు కోటిక్యూల్ రాయికి తర్వాతి కాలంలో గొప్ప పేరు వచ్చింది. దాని నిండా కంటికి ఆనని గోమేధిక జాతి స్ఫటికాలు ఉంటాయి. ఉక్కును అరగదీసేవి అవే. పొరలు పలచన కావడంతో విరగకుండా వెనక పలకరాయి అతికించి అమ్ముతారు.

ఈ కథలో దక్కన్‌కూ చోటుంది. 1790లలో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు భారతీయ ఉక్కు నమూనాలను లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. ఇంగ్లిష్‌వాళ్లు ‘వుట్జ్’ అని పిలిచిన ఆ మూస ఉక్కు కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌ను కట్టిపడేసింది. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఇలాంటి ఉక్కుకు పేరుపడిన కేంద్రం. అక్కడ తయారీని 1820లలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ కళ్లారా చూసి రాశాడు, ఆ ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. కమ్మరి కొడుకైన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1819లో వుట్జ్‌ను విశ్లేషించి, స్టోడార్ట్‌తో కలిసి వెండి, ప్లాటినం, రోడియం లాంటి లోహాలను ఉక్కులో కలిపి చూశాడు. అలా తయారైన ఉక్కుతో గడ్డం కత్తులు చేయించి మిత్రులకు కానుకగా ఇచ్చేవాడు.

నూరే అవసరమే లేకుండా చేసినవాడు అమెరికన్ వ్యాపారి కింగ్ క్యాంప్ జిలెట్. ఇంజనీరు విలియం నికర్సన్ రూపొందించిన యంత్రాల సాయంతో పలచటి ఉక్కు రేకులను బ్లేడ్లుగా మలిచాడు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లే. మరుసటి ఏడాది 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం ఏకంగా 35 లక్షల రేజర్లు కొన్నది. మొద్దుబారిన బ్లేడును పారేయడమే అలవాటైంది.

తెలుగు నేల మీద క్షురకుల పొదిలో కత్తి, సానరాయి, తోలుపట్టీ ఇంకొంతకాలం నిలిచాయి. ఎయిడ్స్ గురించి ప్రచారం మొదలయ్యాక ఒకే కత్తిని అందరికీ వాడటం మీద భయం పెరిగింది. సెలూన్‌లో పాత కత్తి ఆకారం మిగిలింది, దాని నోట్లోకి మాత్రం సగానికి విరిచిన బ్లేడు వచ్చింది. కొత్త మనిషికి కొత్త ముక్క. ఆరోగ్యం దృష్ట్యా అది సరైన మార్పే. దానితోపాటు నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న చేతినేర్పు కూడా పక్కకు పోయింది. ఆ ఒడుపు గురించి రాసిపెట్టినవి అరుదు. పొదిలో కత్తి, రాయి మోసిన పెద్దలు ఉన్న ఊళ్లలో దాన్ని అడిగి నమోదు చేసే వీలు ఇంకా ఉంది.