ఇంటి కప్పు, ఒప్పంద పత్రం

తాటాకు ఇళ్ల రోజుల్లో కప్పు నేసేది ఊరివాడే. ఇల్లు కురిస్తే మర్నాడే వచ్చి సర్దేవాడు. కాగితంతో పని ఉండేది కాదు.

1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. నేత్రావతి ఒడ్డు బంకమట్టితో చేసిన ఆ రకం పెంకులనే మనవాళ్లు బెంగుళూరు పెంకులన్నారు. ఇక పెంకులు కొనాలి, వాసాలు కొలతకు కోయించాలి, ముందే బయానా ఇవ్వాలి. పనివాడు పొరుగూరి కంట్రాక్టరయ్యాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట కూడా చెల్లుతుంది. మాట తప్పితే 73వ సెక్షను కింద నష్టపరిహారం అడగవచ్చు. కాని ఏ మాట ఇచ్చాడో రుజువు కావాలి కదా!

అందుకే సరుకు, కొలత, గడువు, వాయిదాలు, కురిస్తే బాధ్యత ఎవరిదో రాయించుకోండి. పత్రం కన్నడంలోనో తమిళంలోనో ఉంటే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం చేయండి. నమ్మకమున్నచోట కూడా కాగితం తప్పు కాదు.