వాయిద్యం నేర్చుకునే వయసు

ఏటా ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, మన వేదికల మీద థింసా ఆడతాం. ఆ ఆటకు అడుగు నేర్పేవి డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు. ఈసారి ఒక్క సంగతి గమనించండి. ఆడేవాళ్ళలో పదిహేనేళ్ళ పిల్లలు కనిపిస్తారు. మోరి ఊదేవాళ్ళలో మాత్రం చాలాచోట్ల తల నెరిసినవాళ్ళే ఉంటారు. ఈ వయసు తేడా వెనుక ఒక చరిత్ర ఉంది.

మన ఊళ్ళలో వాయిద్యానికి గురువంటూ వేరే ఉండేవాడు కాదు. కందికొత్తల పండగకో పెళ్ళికో పెద్దలు వాయిస్తుంటే పిల్లలు పక్కన కూర్చునేవారు. డప్పును మంట దగ్గర ఎంతసేపు కాచాలో, ఏ అడుగుకు ఏ దెబ్బ వేయాలో, ఏ సందర్భంలో ఏది వాయించకూడదో చూసి నేర్చుకునేవారు. చెయ్యి వంగే వయసు అదే, సుమారు ఎనిమిది నుంచి పదహారేళ్ళు. సవర, జాతాపు, గదబ, కొండదొర పిల్లలు ఆశ్రమ పాఠశాలలకూ హాస్టళ్ళకూ వచ్చేదీ సరిగ్గా ఆ వయసులోనే. చదువు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి. అవి మనకు కావాలి కూడా. కానీ ఊళ్ళో డప్పు మోగే రాత్రి మన పిల్లలు స్టడీ అవర్‌లో ఉంటున్నారు.

అలాగని బడికీ మన సంస్కృతికీ పొసగదని అనుకోకూడదు. గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1936లో మంగేయ్ గొమాంగో సవర భాషకు సోరంగ్ సోంపెంగ్ లిపిని తయారుచేశారు. బడిలోకి మన మాట రావచ్చని ఈ ఇద్దరూ చూపించారు. మరి మన వాయిద్యం మాటేమిటి?

ఇదే ప్రశ్న ఆఫ్రికాలో జింబాబ్వే ప్రజలకూ ఎదురైంది. అక్కడి షోనా ప్రజల వాయిద్యం ఎంబిరా. చెక్క పలక మీద సన్నని ఇనుప రేకులు వరసగా బిగించి, బొటనవేళ్ళతోనూ చూపుడువేలితోనూ మీటుతారు. రాత్రంతా సాగే కొలువుల్లో పూర్వీకుల ఆత్మలను పిలవడానికి దాన్ని వాయిస్తారు. ఆ కారణంగానే తెల్లవారి పాలనలో చాలామంది మిషనరీలు దాన్ని తప్పుపట్టారు. మిషన్ బడిలో చదివిన పిల్లలకు అది దూరమైంది.

1960ల మొదట్లో బులవాయో నగరంలో క్వానొంగోమా అనే సంగీత కళాశాల మొదలైంది. ఆఫ్రికా సంగీతం చెప్పే ఉపాధ్యాయులను తయారుచేయడం దాని పని. 15 రేకుల చిన్న ఎంబిరాను అక్కడ నేర్పారు. చెక్కపట్టీలను కర్రలతో కొట్టి వాయించే మరింబాను కూడా బడిపిల్లల కోసం తీసుకున్నారు. అది షోనాలదీ కాదు, న్‌డెబెలెలదీ కాదు కనుక అందరూ కలిసి వాయించవచ్చునని వాళ్ళ ఆలోచన. అక్కడ తయారైన ఉపాధ్యాయుల ద్వారా ఆ వాయిద్యాలు బడులకు చేరాయి. 2020లో యునెస్కో జింబాబ్వే, మలావీ దేశాల ఎంబిరాను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వాయించే విద్యతో పాటు తయారుచేసే విద్యనూ అందులో కలిపింది.

ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు మన తెలుగు నేల మీదా ఉన్నారు. నిజాం సైన్యంలో సిద్దీల అశ్వికదళం ఉండేది. హైదరాబాద్‌లో వాళ్ళున్న పేటకు ఏసీ గార్డ్స్ అన్న పేరు ఆ దళం నుంచే వచ్చింది. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక ఆ దళం పోయింది. మర్ఫా మేళం మాత్రం మిగిలింది. యెమెన్ అరబ్బులతో పాటు సిద్దీలు నిలబెట్టుకున్న ఆ దరువు హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగుతోంది. దాన్ని పిలిచే పెళ్ళి ఉంది కనుక వాయించే చెయ్యీ ఉంది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వాయిద్యం బతకడానికి నేర్చుకునే చోటు ఒకటి కావాలి, వాయించే సందర్భం ఒకటి కావాలి. సందర్భాలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. నేర్చుకునే చోటే తగ్గింది. హాస్టల్లో వారానికి ఒక్క సాయంత్రం ఊరి పెద్దను పిలిచి పిల్లల మధ్య కూర్చోబెడితే ఆ చోటు మళ్ళీ దొరుకుతుంది. పేర్లు బట్టీ పట్టించడం వల్ల అది జరగదు. చెయ్యి పక్కన చెయ్యి ఉండాలి. పూజకే పరిమితమైన వాయిద్యం ఏదైనా ఉంటే దాన్ని బయటికి తేవాలో వద్దో పెద్దలే చెప్పాలి. వాళ్ళ మాటే చివరి మాట.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! దసరా సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వాయిద్యగాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. మోరి నాలుక దేనితో చేస్తారు? తుడుముకు ఏ తోలు, దాని గుల్ల దేనితో? మీ భాషలో ఒక్కో దరువు పేరేమిటి? చేసేవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉన్నారా, పక్క ఊరి నుంచి తెస్తున్నారా? అడిగి నోటుబుక్కులో రాయండి, వాళ్ళు సరేనంటే ఫోన్‌లో రికార్డు చేయండి. లేచి వచ్చేముందు ఒక్క దరువైనా మీ చేత్తో వాయించి రండి.