తంతి, తడి, నాన్నమ్మ ఫోను

మా ఇంట్లో వర్షం సంగతి అందరికంటే ముందు మోడెంకి తెలిసేది. సముద్రం వైపు మబ్బు పట్టి, కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకోవడం మొదలవగానే దాని మీది పచ్చదీపం మినుకు మినుకుమనేది. నాన్న పడక కుర్చీలోంచి లేవకుండానే "పోయిందా?" అని అడిగేవాడు. పోయేది.

ఇది 2008 వేసవి మాట. రాజోలుకి కాస్త దూరంలో మా పల్లె. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, అదీ ఎలక్ట్రానిక్స్. పెళ్ళయి అమెరికా వెళ్ళిన అక్కని వెబ్‌క్యామ్‌లో చూడాలని అమ్మ పట్టుబడితే టెలిఫోన్ తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. అక్క మొహం గళ్ళు గళ్ళుగా కనిపించి, నోరు తెరిచి ఆగిపోయేది. అమ్మ ఆ ఆగిపోయిన బొమ్మతోనే మాట్లాడుతూ ఉండేది. ఇంట్లో ఇంజినీరు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తప్పు ఎక్కడుందో కనిపెట్టాల్సిన బాధ్యత నా మీద పడింది. కనిపెట్టడానికి ముందు ఒక పొరపాటు చేశాను. అది తర్వాత చెబుతాను, ముందు తీగ గురించి చెప్పాలి.

తెలుగులో తీగకి చాలా పేర్లున్నాయి గానీ ప్రభుత్వం ఎంచుకున్నది 'తంతి'. వీణకుండేదీ తంతే. తంతి తపాలా శాఖ అన్న బోర్డులు మా నాన్న తరం చూసింది. 1985లో తపాలా ఒక దారి, టెలికాం ఒక దారి అయ్యాక ఆ జంట పేరు మెల్లగా పోయింది. అంతకు చాలా ముందే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయిలతో పాటు మద్రాసులో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ తెరిచారు. బెల్ టెలిఫోన్‌కి పేటెంట్ తీసుకుని అప్పటికి ఆరేళ్ళు కూడా కాలేదు. ఆ మధ్యలో 1881లో ఆయనే ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. రెండు తీగల్ని పక్కపక్కన లాగకుండా ఒకదానికొకటి మెలిపెడితే బయటి నుంచి వచ్చే రొద రెండింటి మీదా సమానంగా పడి కొట్టుకుపోతుందని దాని సారాంశం. కొబ్బరి పీచుని రెండు పాయలుగా పేని తాడు చేసే ఊళ్ళో పుట్టినవాడికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. పురి పెడితే బలం. తాడుకి బరువు మోసే బలం వస్తే తీగకి గోల తట్టుకునే బలం వస్తుంది. నూరేళ్ళ తర్వాత మా ఇంటికి ఇంటర్నెట్ మోసుకొచ్చింది ఆ పురే.

కానీ ఆ తీగ వేసింది మాట కోసం. టెలిఫోన్ వ్యవస్థ మనిషి గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ముక్కని మాత్రమే పట్టుకుంటుంది. ఫోన్లో 'స'కీ 'ఫ'కీ తేడా తెలియక 'సీత, సీ, స' అని విడమరిచి చెప్పుకోవడం ఇందుకే. మిగిలిన ధ్వనిని మన చెవి ఊహించుకుంటుంది. ఆ గీత పైన రాగి తీగలో బోలెడంత ఖాళీ ఉందని, దాన్ని వాడుకోవచ్చని 1980ల చివర అమెరికాలో బెల్‌కోర్ అనే పరిశోధనశాల ఇంజినీర్లు ఆలోచించారు. వాళ్ళలో జోసెఫ్ లెక్‌లైడర్ పేరు ముందు చెబుతారు. ఇంటికి వచ్చే సమాచారం ఎక్కువ, ఇంటి నుంచి పోయేది తక్కువ కదా, రెండు దిక్కులకీ సమానంగా దారి ఇవ్వడం దేనికి, అన్నాడాయన. ఏడీఎస్‌ఎల్‌లో 'ఏ' అక్షరం ఆ అసమానతకే. తమాషా ఏమిటంటే అప్పటికి వాళ్ళ మనసులో ఉన్నది ఇంటర్నెట్ కాదు, ఫోను తీగ మీద సినిమాలు పంపడం.

ఆ ఖాళీని వాడుకునే పద్ధతి మా వైపు వాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. 1104 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న జాగాని 256 సన్న బోదెలుగా చీలుస్తారు, ఒక్కోటి 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పు. కింది బోదెలు మాటకి వదిలేస్తారు. తీగకి ప్రాణం రాగానే అటు ఎక్స్ఛేంజ్‌లోని యంత్రమూ ఇటు ఇంట్లోని మోడెమూ ఒక్కో బోదెనీ పరీక్షిస్తాయి. ఇందులో నీరు ఎంత పారుతుంది, ఎక్కడ పూడిక ఉంది, అని. లోతున్న బోదెలో ఎక్కువ బిట్లు, మెరక బోదెలో తక్కువ, పూడిపోయినదాంట్లో సున్నా. కొబ్బరితోటకి నీళ్ళు కట్టేవాడు చేసే పని ఇదే. తీగ పొడవు పెరిగేకొద్దీ ముందు ఎండిపోయేవి పై బోదెలు. నాలుగైదు కిలోమీటర్లు దాటితే మిగిలేవి అడుగున ఉన్న కొద్దిపాటివే.

ఇలాంటి దానికి కోనసీమ కంటే కష్టమైన చోటు ఉంటుందా అనిపిస్తుంది. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి కాలవలు. పెరట్లో నాలుగు గునపం పోట్లు వేస్తే నీళ్ళు. భూమిలో పాతిన కేబుల్ ఏడాదిలో చాలా భాగం తడిలోనే ఉంటుంది. అందుకే కేబుల్ లోపల తీగల మధ్య వేజలీన్ లాంటి జెల్లీ నింపుతారు, ఎక్కడైనా తొడుగు చిరిగినా నీరు లోపల పరుగెత్తకుండా. పైన స్తంభాల మీద లాగుదామంటే గాలి. 1996 నవంబర్ 6 సాయంత్రం వచ్చిన తుఫాను నాకు ఇప్పటికీ చప్పుడుగానే గుర్తు. వెయ్యికి పైగా మనుషులు పోయారు. కొబ్బరిచెట్లు ఎన్ని పడ్డాయో మా తాతయ్య లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాడు. ఫోను స్తంభాల్ని ఎవరూ లెక్కపెట్టి ఉండరు.

రైలు కూడా మాకు అలాగే. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం కోసమని 1940లో పీక్కుపోయారు, 2004లో గానీ తిరిగి రైలు నడవలేదు. అదైనా గౌతమికి అవతలి ఒడ్డునే ఆగిపోయింది. ఆ 2004లోనే, అక్టోబర్‌లో, కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. సెకనుకి 256 కిలోబిట్లు, ఆపైన ఉంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చని నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో మొదలుపెట్టింది. రైలు గోదావరి దాటలేదు గానీ బ్రాడ్‌బ్యాండ్ మెల్లగా దాటింది. పల్లెటూళ్ళలో చిన్న ఎక్స్ఛేంజ్‌లు అప్పటికే ఉండబట్టి అది సాధ్యమైంది. 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ ఏసీ గది అక్కర్లేకుండా మన ఎండలో, దుమ్ములో పనిచేసే పల్లె ఎక్స్ఛేంజ్‌ని తయారుచేసింది, మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో. శామ్ పిట్రోడా పేరు అందరికీ తెలుసు. ఆ పెట్టె ముందు కూర్చున్నవాళ్ళ గురించీ, దాని నుంచి బయల్దేరిన తీగని భుజాన వేసుకుని సైకిలు తొక్కినవాళ్ళ గురించీ ఎవరూ రాయలేదు.

మా లైన్‌మన్ అలాంటి మనిషి. పేట నుంచి వచ్చేవాడు. నేనిప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను, అప్పుడు మా ఇంట్లో ఎవరూ అలా అనేవాళ్ళు కాదు. మా ఊళ్ళో ఫోను స్తంభాలు మా వీధి చివర ఆగిపోయాయి, పేటలోకి వెళ్ళలేదు. అక్కడివాళ్ళు మాట్లాడాలంటే సెంటర్లో ఎస్టీడీ బూత్‌కి రావాల్సిందే. మా ఇంటికి తీగ బాగుచేయడానికి వచ్చినప్పుడల్లా నాన్నమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చేది. ఆ గ్లాసు విడిగా, పెరటి గూట్లో ఉండేది.

సరే, తప్పు వెతకడం. ఎక్స్ఛేంజ్ నుంచి ఇంటికి తీగ ఒక్క ముక్కగా రాదు. ఎండీఎఫ్ అనే పెద్ద చట్రం దగ్గర ఒక అతుకు, రోడ్డు పక్క పిల్లర్‌లో ఒకటి, వీధి స్తంభం మీది డీపీ బాక్సులో ఒకటి, అక్కడి నుంచి నల్లటి డ్రాప్ వైరు, ఇంటి గోడ మీద రోజెట్. అతుకు ఉన్నచోట రాగి, రాగి ఉన్నచోట ఉప్పుగాలి, ఉప్పుగాలి తగిలినచోట చిలుము. ఇత్తడి బిందెకి పడితే చింతపండు పెట్టి తోమొచ్చు. డీపీ బాక్సులో స్క్రూ కింద పడితే చాకుతో గీకాలి. చిలుము పట్టిన అతుకులోంచి మాట బానే వెళ్తుంది, కాస్త బరబరమంటుంది అంతే. డేటా మాత్రం తెగి తెగి అతుక్కుంటుంది. ఫోనెత్తి ఒక అంకె నొక్కి నిశ్శబ్దం వినమని చెప్పేది ఇందుకే. నిశ్శబ్దంలో పేలాలు వేగుతున్న చప్పుడు వస్తే అతుకు తడిసిందని అర్థం.

ఆ వేసవిలో ఆయన మూడుసార్లు వచ్చాడు. డ్రాప్ వైరు మార్చాడు, డీపీలో అతుకు గీకి మళ్ళీ కట్టాడు. రెండ్రోజులు బావుండేది, మళ్ళీ మామూలే. నాలుగోసారి నేను టెలిఫోన్ ఆఫీసుకి ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు రాశాను. లైన్‌మన్ నిర్లక్ష్యం అన్న మాట అందులో రెండుసార్లు ఉంది. చదువుకున్నవాడి ఇంగ్లీషు కదా, పని చేసింది. ఆయన్ని పిలిచి సంజాయిషీ అడిగారు. ఇందాక చెప్పిన పొరపాటు ఇదే.

ఆ తర్వాత గానీ నేను చేయాల్సిన పని చేయలేదు. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి మోడెం లోపలి పేజీ తెరిచాను. అటెన్యుయేషన్ 50 పైన, అంటే ఎక్స్ఛేంజ్ దూరం, దానికి చేసేదేం లేదు. పక్కన నాయిస్ మార్జిన్. ఆరు డెసిబెల్‌ల దగ్గర ఊగిసలాడుతోంది, అంతకంటే తగ్గితే తీగ నిలబడదు. రాత్రి ఇంకా తగ్గుతోంది. మొదట రేడియోని అనుమానించాను. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్, లెక్క కడితే సరిగ్గా 194వ బోదె మీద కూర్చుంటుంది. నాన్నమ్మ వినే స్టేషన్, అక్క మాట్లాడే దారి రెండూ ఒకటేనన్న ఊహ బావుంది గానీ తప్పు. మా దూరానికి ఆ పై బోదెలు ఎలాగూ ఎండిపోయినవే.

అప్పుడు వీధి గుమ్మం దగ్గరున్న రోజెట్ నుంచి ఇంట్లోకి వెళ్ళే తీగలన్నీ పీకేసి మోడెంని నేరుగా తగిలించాను. మార్జిన్ 11కి లేచింది.

తప్పు మా ఇంట్లోనే ఉంది. రోజెట్ నుంచి ఒక తీగ వెనక వసారా దూలం వెంట, కొబ్బరికాయలు పోసే గది మీదుగా, నాన్నమ్మ గదిలోని పారలల్ ఫోనుకి వెళ్తోంది. దారిలో ఇంకో కొమ్మ. పాత పెంకుటింటి సావిట్లో ఒకప్పుడు ఫోనుండేది, ఇల్లు కట్టినప్పుడు ఫోను తీసేశారు, తీగ గోడలో మిగిలిపోయింది. కొస తెగి ఉన్న అలాంటి తీగలోకి సంకేతం వెళ్ళి, అవతల దారి లేక వెనక్కి తిరిగొచ్చి, ముందుకి వెళ్తున్న సంకేతానికి ఎదురు తగులుతుంది. కొన్ని బోదెలు అక్కడే చచ్చిపోతాయి. ఇక నాన్నమ్మ ఫోనుకి ఫిల్టర్ లేదు. గంట మోగడానికి ఎక్స్ఛేంజ్ 75 వోల్టుల దాకా పంపుతుంది. ఫిల్టర్ లేని ఫోను మోగితే మోడెం హడలిపోయి చేయి వదిలేస్తుంది. అంటే నెట్ పోయిందని అక్క కార్డు కొని ల్యాండ్‌లైన్‌కి చేస్తుంది, ఆ గంటకి అప్పుడే లేస్తున్న నెట్ మళ్ళీ పడుతుంది. నెట్‌ని పడగొడుతున్నది అక్కే.

పారలల్ ఫోను తీసేస్తే సరిపోతుందన్నాను. నాన్నమ్మ ఒప్పుకోలేదు. బొంబాయిలో ఉన్న చిన్నాన్న నెలకోసారి ఆదివారం చేస్తాడు, అది ఆవిడ గదిలోనే మోగాలి. వాదించి లాభం లేక రోజెట్ దగ్గరే స్ప్లిటర్ పెట్టి, మోడెంకి ఒక తీగ, మాటకి ఒక తీగ వేరుచేశాను. గోడలోని చచ్చిన కొమ్మని మొదట్లోనే కోసేశాను. రెండు గంటల పని. ఆ సాయంత్రం అక్క నలభై నిమిషాలు ఆగకుండా కనిపించింది. అమ్మకి మాటలు అయిపోయాయి.

మర్నాడు ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. ఆయన బయట చెట్టు కింద డ్రాప్ వైరు చుట్ట విప్పుతున్నాడు. తప్పు మాదేనని చెప్పాను. "ఆయ్, పర్లేదు బాబుగారూ," అన్నాడు. కాస్త ఆగి, "పెద్దామ్మగారి ఫోను తీయలేదు గదండీ?" అని అడిగాడు.

ఆ తీగ వేసింది ఆయనే. తుఫాను తర్వాత, నాన్నమ్మ అడిగితే, కాగితం లేకుండా. తప్పు అక్కడుందని మొదటిరోజే తెలుసు. చెబితే పీకెయ్యాలి. పీకలేక మూడుసార్లు డీపీ ఎక్కి దిగాడు, నా ఇంగ్లీషు ఉత్తరానికి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. నేను క్షమించమని అడిగానా లేదా అన్నది ఎంత గుర్తు తెచ్చుకున్నా తేలడం లేదు. అడగలేదనే అనుకుంటున్నాను.

తర్వాతిదంతా వేగంగా జరిగింది. 2013లో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం 512 కిలోబిట్లైంది, 2023లో రెండు మెగాబిట్లు. 2017 చివర్లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగారు. గాజుకి చిలుము పట్టదు. కరెంటు స్తంభాలు ఉన్నాయి కాబట్టి ఈసారి తీగ పేటలోకి కూడా వెళ్ళింది. మేం ల్యాండ్‌లైన్ తిరిగి ఇచ్చేశాం. నాన్నమ్మ అప్పటికి లేదు.

2022 మే 24న, కొత్త జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ వెంటనే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, చాలా రోజులు. హైదరాబాద్ నుంచి నేను మామూలు కాల్ చేస్తే నాన్న ఎత్తాడు. 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల పాత ఫోను గొంతులాగే వినిపించింది నాకు. ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో చెప్పుకొచ్చాడు. లైన్‌మన్ గారు ఎలా ఉన్నారని అడిగాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఎవరూ, 'గారా'?" అన్నాడు.

డ్రాప్ వైరు ఇప్పటికీ మా పెరట్లో ఉంది. అమ్మ దాన్ని రెండు కొబ్బరిచెట్ల మధ్య దండెంగా కట్టింది.