బొలీవియా నుంచి కల్యాణ కర్ణాటక దాకా

బొలీవియా 1825లో స్పెయిన్ చేతుల్లోంచి బయటపడగానే తనను విడిపించిన సిమోన్ బొలీవార్ పేరే దేశానికి పెట్టుకుంది. ఆయన సేనాని సుక్రే పేరు ఒక నగరానికి దక్కింది. వెనిజులా అయితే 1999లో దేశం పేరులోనే 'బొలివారియన్' అని చేర్చుకుంది. అక్కడి డబ్బు పేరు కూడా బొలీవారే!

మన తెలుగోళ్లం తక్కువేం కాదు. ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. 1978లో కె.వి. రంగారెడ్డి పేరుతో జిల్లా వచ్చింది. ఇప్పుడు రంగారెడ్డి అంటే ముందు జిల్లానే గుర్తొస్తుంది, మనిషి ఆ తర్వాతే. నిజాం మీద తిరగబడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చిన కొమురం భీం పేరు 2016లో ఆసిఫాబాద్‌కు ముందు చేరింది. ఆసఫ్‌జాహీలను గుర్తుచేసే ఊరి పేరు, వాళ్లతో కొట్లాడిన మనిషి పేరు ఒకే బోర్డు మీద ఉన్నాయన్నమాట.

మా బీదర్ సంగతి వేరు. 1948 దాకా మేమూ నిజాం రాజ్యమే. 1956 నవంబరు 1న బీదర్ మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది, మన జిల్లాలోనే ఉన్న జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు పోయినయి. ఆ తర్వాత కూడా మా ప్రాంతాన్ని హైదరాబాద్ కర్ణాటక అనే పిలిచారు. రాజ్యం పోయినా రాజధాని పేరు మాత్రం అరవై ఏళ్లకు పైగా వెంటే ఉంది.

2019 సెప్టెంబరులో దాన్ని కల్యాణ కర్ణాటకగా మార్చారు. ఇక్కడ పెట్టింది నిజాంతో పోరాడిన నాయకుడి పేరు కాదు. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు మంత్రిగా ఉన్న కల్యాణం పేరు, అంటే మా జిల్లాలోని బసవకల్యాణ్ పేరు. ఆ ఊరికైతే బసవన్న పేరు ముందే చేరింది. తెలుగువాళ్లకు ఆయన పరాయివాడేం కాడు, పాల్కురికి సోమనాథుడు ఆయన మీద తెలుగులోనే పురాణం రాశాడు. అందుకే ఈ మార్పు మాకు నచ్చింది. 2021లో బస్సుల సంస్థ పేరు కూడా కల్యాణ కర్ణాటక అయ్యింది. ఇంట్లో పెద్దోళ్లు మాత్రం ఇంకా హైదరాబాద్ కర్ణాటకే అంటారు.

అయితే 1948లో రజాకార్లు ఊచకోత కోసిన గోర్టా మా జిల్లాలోదే. అక్కడ చనిపోయినవాళ్లు సేనానులు కారు, ఊళ్లోవాళ్లు. వాళ్లలో ఎవరి పేరునా జిల్లా లేదు. వాళ్లకో స్మారకం కట్టి 2023లో ప్రారంభించారు. బసవకల్యాణ్ చూడ్డానికి వచ్చే చుట్టాలను మేము గోర్టాకు కూడా పోయి రమ్మంటాం.