హాల్‌స్టాట్: ఉప్పు కొండ కింద ఇరుకు ఊరు

హాల్‌స్టాట్ ఆల్ప్స్ పర్వతాల్లో, ఎగువ ఆస్ట్రియా రాష్ట్రంలోని గ్ముండెన్ జిల్లాకు చెందిన చిన్న ఊరు. జనాభా ఎనిమిది వందలకు లోపే. అయినా ఐరోపా ప్రాచీన చరిత్రలో ఒక యుగానికే ఈ ఊరి పేరు పెట్టారు. క్రీ.పూ. 800 నుంచి 450 వరకు మధ్య ఐరోపాలో సాగిన తొలి ఇనుప యుగాన్ని పురావస్తు శాస్త్రవేత్తలు హాల్‌స్టాట్ సంస్కృతి అంటారు. ఈ గొప్పంతా ఉప్పు పెట్టిన భిక్షే. అయితే ఉప్పు దొరికిన చోట ఊరు కట్టుకోవడానికి సరిపడా నేల లేదు. ఆ చాలీచాలని చోటుతో పడిన పాట్లే ఊరి చరిత్రలో సగం.

హాల్‌స్టాట్ సరస్సు పడమటి ఒడ్డున, సముద్ర మట్టానికి సుమారు 510 మీటర్ల ఎత్తులో ఊరుంది. సరస్సు లోతు 125 మీటర్ల దాకా ఉంటుంది. ట్రౌన్ నది అందులో కలిసి, ఉత్తరపు కొసన మళ్ళీ బయటపడి సాగిపోతుంది. దక్షిణాన 2,995 మీటర్ల డాక్‌స్టైన్ శిఖరం. ఊరి పాలనా పరిధి కాగితాల మీద దాదాపు 60 చదరపు కిలోమీటర్లు. అందులో అధిక భాగం రాయి, అడవి, నీరు. మనుషులు ఉండగలిగింది కొండ పాదానికీ నీటికీ మధ్య మిగిలిన సన్నని పట్టీలోను, ఎషెర్న్ లోయ నుంచి వచ్చిన వాగు మేటవేసిన లాన్ అనే కాస్త చదునైన చోట. అందుకే ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టుంటాయి. ఒకప్పుడు ఒడ్డున ఉన్న ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోవాలంటే పడవైనా ఎక్కాలి, లేదా అటకల గుండా సాగే ఇరుకు దారినైనా పట్టాలి.

1877లో సాల్జ్‌కామర్‌గూట్ రైలు మార్గం వచ్చినప్పుడు పట్టాలు అవతలి ఒడ్డునే పడ్డాయి. ఊరి పేరు మోసే స్టేషన్ నేటికీ సరస్సుకు ఆవలే ఉంది. రైలు దిగినవాళ్ళు పడవలో ఊరు చేరతారు. పడమటి ఒడ్డున రోడ్డు పడింది 1890లో. అంతవరకు పడవలు, కాలిబాటలే దిక్కు. ఆ తర్వాత కార్లు పెరిగాయి, వీధులు మాత్రం వెడల్పు కాలేదు. చివరికి 1966లో కొండను తొలిచి సొరంగం వేసి వాహనాలను ఊరి వెనుక నుంచి మళ్ళించారు.

ఇంత అసౌకర్యమైన చోటికి మనిషి ఎందుకు వచ్చాడో తెలియాలంటే ఊరి నెత్తినున్న లోయకు ఎక్కాలి. అక్కడి కొండ కడుపులో ఉప్పు ఉంది. క్రీ.పూ. రెండో సహస్రాబ్ది మధ్యకల్లా ఇక్కడ లోతైన గనులు నడుస్తున్నాయి. కంచు గునపాలతో తవ్వి, తోలు సంచుల్లో వీపున మోసుకెళ్ళి, కర్ర పేళ్ళ కాగడాల వెలుగులో పనిచేసేవారు. ఉప్పు దేన్నీ కుళ్ళనివ్వదు కనుక వాళ్ళు పారేసినవన్నీ అలాగే మిగిలాయి: కాలిన కాగడా ముక్కలు, తోలు సంచులు, రంగు వెలవని ఉన్ని గుడ్డ పీలికలు. ఇనుప యుగపు తవ్వకాల్లో పిల్లల చెప్పులు, టోపీలు కూడా దొరికాయి. పసివాళ్ళు కూడా గనిలోకి దిగేవారని దీన్ని బట్టి తెలుస్తోంది. 2003లో బయటపడిన చెక్క మెట్ల వరుస ఈ గనులకే తలమానికం. ఆ దుంగలను చెట్ల వలయాల లెక్కతో పరీక్షిస్తే క్రీ.పూ. 1344 – 1343 నాటివని తేలింది. ఐరోపాలో చెక్కుచెదరకుండా నిలిచిన చెక్క మెట్లలో అంత పాతవి మరెక్కడా లేవు.

గనివాళ్ళ మలం కూడా చెడలేదు. అసహ్యించుకోవాల్సిన పని లేదు. పరిశోధకులకు అది నిధి. 2021లో వెలువడిన పరిశోధనలో, ఇనుప యుగపు నమూనాలో నీలి చారల జున్నును పులియబెట్టే బూజూ, బీరును పులియబెట్టే ఈస్టూ కనిపించాయి. అంటే 2,700 ఏళ్ళ కిందటే ఇక్కడి శ్రామికులకు జున్నూ బీరూ రెండూ తెలుసన్నమాట.

కొండ వాళ్ళను ఊరికే ఉండనివ్వలేదు. కంచు యుగపు తవ్వకాలు క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఆగిపోయాయి. ఇనుప యుగంలో మళ్ళీ మొదలైన గనులను క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో విరిగిపడిన కొండచరియలు, బురద పూడ్చేశాయి.

ఈ కథ లోకానికి తెలియడానికి కారకుడు యోహాన్ గేఓర్గ్ రామ్‌సావర్. ఆయన గనుల అధికారి, పురావస్తు శాస్త్రంలో చదువు లేదు. 1846లో లోయలో కొన్ని సమాధులు కనిపించాక 1863 వరకు తవ్వుతూనే ఉన్నాడు. 980 సమాధులు తీశాడు. నిధుల వేటే తవ్వకమనుకునే ఆ రోజుల్లో ఒక్కో సమాధిలో ఏ వస్తువు ఎక్కడుందో రాయించి, నీటిరంగుల్లో బొమ్మలు వేయించాడు. కొన్నిటిలో అస్థిపంజరాలు, కొన్నిటిలో కాల్చిన ఎముకలు. పక్కన కత్తులు, కంచు పాత్రలు, బాల్టిక్ తీరపు అంబరు, దూరదేశపు ఏనుగు దంతం. ఉప్పు అమ్మి ఊరు ఎంత దూరం బేరసారాలు చేసిందో ఆ సమాధులే చెప్పాయి. 1874లో స్వీడన్ పండితుడు హాన్స్ హిల్డెబ్రాండ్ ఐరోపా ఇనుప యుగాన్ని రెండుగా విడదీసి, మొదటి భాగానికి హాల్‌స్టాట్ పేరు పెట్టాడు.

రామ్‌సావర్‌కు వందేళ్ళ ముందే, 1734లో, కూలిన గనిలో ఉప్పులో ఇరుక్కున్న ఒక ప్రాచీన మానవ దేహం దొరికింది. దాన్ని శ్మశానంలో పాతిపెట్టేశారు. ఇప్పుడైతే ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు పరుగెత్తుకొచ్చేవారు. ఆ ఏడాదే బతికున్నవాళ్ళకూ ఊళ్ళో చోటు కరువైంది. ఈ ప్రాంతపు గనివాళ్ళలో చాలామంది లూథర్ మతం పుచ్చుకున్నారు, ఏలినవారేమో కేథలిక్కులు. ఆరో చార్లెస్ చక్రవర్తి ఆజ్ఞతో 1734 నుంచి ప్రొటెస్టెంట్లను ఇక్కడి నుంచి ట్రాన్సిల్వేనియాకు తరలించారు. రెండో జోసెఫ్ 1781లో సహన శాసనం తెచ్చాకే మిగిలినవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. సరస్సు ఒడ్డున సన్నగా నిలిచిన ప్రొటెస్టెంట్ చర్చి 1863 నాటిది. కేథలిక్కులది కొండవాలు మీద అంతకు చాలా ముందునుంచే ఉంది.

ఉప్పంటే రాజుల ఖజానా. హాబ్స్‌బర్గ్ వంశపు మొదటి ఆల్బ్రెక్ట్ గనుల కాపలాకు 1284లో లోయ అంచున బురుజు కట్టించి, దానికి తండ్రి రుడాల్ఫ్ పేరు పెట్టాడు. భర్త పోయాక ఎలిజబెత్ రాణి 1311లో ఊరికి సంత హక్కులిచ్చింది. అప్పటికి పద్ధతి మారింది: ఉప్పును గడ్డలుగా తవ్వే బదులు, కొండలోకి నీళ్ళు పంపి, కరిగిన ఉప్పునీటిని తెచ్చి మరగబెట్టేవారు. మరగబెట్టడానికి కట్టెలు కావాలి. చుట్టుపక్కల అడవులు ఆ మంటలకు సరిపోలేదు. దాంతో కట్టెలున్న చోటికే ఉప్పునీటిని పంపాలనుకున్నారు. 1595 – 1607 మధ్య సుమారు 13,000 చెట్ల దుంగలను తొలిచి, ఒకదానికొకటి అతికి, ఎబెన్‌జే వరకు 40 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేశారు. ప్రపంచంలోని మొట్టమొదటి పారిశ్రామిక గొట్టపు మార్గాల్లో ఇదొకటి. గని నేటికీ నడుస్తోంది; ఉప్పునీరు ఇప్పటికీ ఎబెన్‌జే వైపే పారుతోంది.

1750లో మంటలు రేగి ఊరి నడిబొడ్డున చెక్క ఇళ్ళు బుగ్గయ్యాయి. ఈనాడు ఫొటోల్లో కనిపించే సంత కూడలి ఆ తర్వాత కట్టుకున్నదే.

చోటు కొరత చచ్చినవాళ్ళనూ వదల్లేదు. కేథలిక్ చర్చి పక్కన శ్మశానం ఒక చిన్న మెట్టు మాత్రమే. అందుకే కొన్నేళ్ళకు సమాధి తవ్వి, ఎముకలు తీసి, కొత్తవాళ్ళకు చోటిచ్చేవారు. తీసిన పుర్రెలను ఆరబెట్టి సెయింట్ మైకేల్ గుడి కింద గదిలో వరసగా పేర్చారు. 18వ శతాబ్దం నుంచి వాటి మీద పేరు, తేదీ రాసి, పూలో ఆకుల దండలో చిత్రించడం మొదలైంది. అక్కడున్న దాదాపు 1,200 పుర్రెల్లో 610 ఇలా అలంకరించినవే. చివరి పుర్రె 1995లో చేరింది. చావు మీద ఇంత ఆప్యాయమైన చిత్రలేఖనం మరోచోట అరుదు. పండగ ఊరేగింపుకూ వీధి చాలదు. 1623 నుంచి కార్పస్ క్రిస్టీ ఊరేగింపు పడవల మీద సరస్సులోనే సాగుతోంది.

1997లో హాల్‌స్టాట్, డాక్‌స్టైన్ పరిసరాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2006లో ఒక కొరియా సీరియల్ ఇక్కడ తీశాక తూర్పు ఆసియా టూరిస్టులు క్యూ కట్టారు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక సంస్థ ఈ ఊరి కూడలినీ చర్చినీ అచ్చుగుద్దినట్టు కట్టి 2012లో ప్రారంభించింది. తమ ఇళ్ళకు నకళ్ళు లేస్తున్నాయని హాల్‌స్టాట్ వాసులకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మొదట ఒళ్ళుమండినా, ప్రారంభోత్సవానికి మేయరు వెళ్ళాడు. ప్రచారం ఎవరికి చేదు?

ఆ ప్రచారానికి మూల్యం కూడా ఉంది. కిక్కిరిసిన రోజుల్లో పది వేల మంది దాకా వస్తున్నారు. 2020 నుంచి టూరిస్టు బస్సులు ముందే సమయం బుక్ చేసుకుని రావాలి. 2023 మేలో, అందరూ సెల్ఫీలు దిగే చోట సరస్సు కనబడకుండా చెక్క కంచె కట్టి, గోల రేగడంతో తీసేశారు. ఆ ఆగస్టులో ఊరివాళ్ళు సొరంగం దగ్గర రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. రోజుకిన్ని బస్సులని కట్టుబాటు పెట్టాలని, సాయంత్రం ఐదు దాటాక ఒక్కటీ రాకూడదని వాళ్ళు కోరారు. హోటళ్ళు, పడవలు, పార్కింగ్ రుసుములు ఆ జనం మీదే నడుస్తున్నాయి కాబట్టి ఊరంతటిదీ ఒకే మాట కాదు.