సంస్థ నుంచి డేటా లీకైతే: ఉద్యోగికి ఉన్న న్యాయమార్గాలు

ఉద్యోగం ఇచ్చిన సంస్థ దగ్గరున్న బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్, పాన్, వేలిముద్ర, వైద్య నివేదిక, జీతం వంటి వివరాలు అనుమతి లేనివారి చేతికి చేరడాన్ని ఉద్యోగుల డేటా లీకు అంటారు. దీనికి హ్యాకరే రానక్కర్లేదు. జీతాల షీటు వాట్సాప్ గ్రూపులో పడినా, మానేసి వెళ్లిన గుమస్తా పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోయినా, వెబ్‌సైటుకు కనీసపు కాపలా లేకపోయినా ఫలితం ఒకటే. ఈ నష్టానికి పరిహారం అడిగే హక్కు భారత చట్టంలో ఉంది. అయితే అది ఇరుకైన హక్కు, పైగా దాని గడువు దగ్గర పడుతోంది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో పెద్ద కంపెనీల ఆఫీసులు తక్కువ. చమురు, గ్యాస్ క్షేత్రాల కాంట్రాక్టు కార్మికులు, రొయ్యల పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్లు, ప్రైవేటు బడుల టీచర్లు, ఆసుపత్రి నర్సులు, ఉపాధి హామీ కూలీలు, రాజోలు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారు ఇక్కడి ఉద్యోగ వర్గం. పనిలో చేరిన రోజే ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు, రెండు ఫొటోలు ఇవ్వాలి. ఆ కాగితాలు మేస్త్రీ నుంచి కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నుంచి పీఎఫ్ పనులు చూసే కన్సల్టెంటుకు, అక్కడి నుంచి అసలు కంపెనీకి వెళతాయి. ఇన్ని చేతులు మారాక లీకు ఎక్కడ జరిగిందో రుజువు చేయడం కష్టం. అమలాపురంలోనో కొత్తపేటలోనో ఉన్న కార్మికుడికి చట్టం కంటే ముందు అడ్డొచ్చేది ఇదే.

తెలుగు నేలపై జరిగిన ఘటనలు

ఈ ప్రాంతంలో పనిచేసేవారి వివరాలు ప్రైవేటు కంపెనీల నుంచే కాదు, ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి కూడా పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ 2017 మేలో ఇచ్చిన నివేదిక ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు బాహాటంగా కనిపిస్తున్న నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను చూపింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టల్. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర లబ్ధి పంపిణీ పోర్టల్‌లో సుమారు 89 లక్షల మంది ఉపాధి కూలీల ఆధార్ నంబర్లు కనిపించాయి. ఎండలో మట్టి తవ్వి కూలి తెచ్చుకున్న మనిషి గుర్తింపు వివరాలకు కంప్యూటరులో తలుపు కూడా వేయలేదు. ఆ కూలీలకు పరిహారం అడిగే దారి ఎందుకు లేకపోయిందో కింద చూడవచ్చు.

అదే 2018లో భవిష్య నిధి సంస్థ ఆధార్ అనుసంధాన పోర్టల్ నుంచి హ్యాకర్లు డేటా దొంగిలించారని కేంద్ర పీఎఫ్ కమిషనర్ రాసిన లేఖ బయటికొచ్చింది. సేవలను ఆపిన సంస్థ, లీకైనట్టు నిర్ధారణ కాలేదని ప్రకటించింది. 2022 ఆగస్టులో పీఎఫ్ సభ్యుల యూఏఎన్ నంబర్లు, ఖాతా వివరాలున్న సుమారు 28 కోట్ల రికార్డులు ఇంటర్నెట్లో రక్షణ లేకుండా ఉన్నట్టు ఒక ఉక్రెయిన్ పరిశోధకుడు కనిపెట్టాడు. కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేశాక అవి గంటల్లో మాయమయ్యాయి. ప్రభుత్వ ఉద్యోగులు, రక్షణ సిబ్బంది సహా 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను సైబరాబాద్ పోలీసులు 2023 మార్చిలో పట్టుకున్నారు. 2024లో తెలంగాణ పోలీసుల అంతర్గత యాప్ టీఎస్‌కాప్ హ్యాకైంది. పోలీసు ఉద్యోగుల వివరాలు వారి సొంత శాఖ యాప్ నుంచే బయటపడ్డాయి. ఆ కేసులో 20 ఏళ్ల విద్యార్థిని అరెస్టు చేశారు.

పరిహారానికి ఆధారం: సెక్షన్ 43ఎ

సమాచార సాంకేతిక చట్టం, 2000కు 2008లో చేసిన సవరణతో సెక్షన్ 43ఎ వచ్చింది. అది 2009 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. సున్నితమైన వ్యక్తిగత డేటాను ఉంచుకున్న సంస్థ తగిన భద్రత పాటించకుండా అశ్రద్ధ చేసి, దానివల్ల ఎవరికైనా నష్టం కలిగితే పరిహారం చెల్లించాలని దాని సారాంశం. పరిహారానికి పైపరిమితి లేదు.

ఇందులో ప్రతి మాటా ఒక అడ్డుగోడే. సంస్థ అంటే కంపెనీ, ఫర్మ్, సొంత వ్యాపారం, వాణిజ్య లేదా వృత్తిపరమైన పని చేసే వ్యక్తుల సంఘం. ప్రభుత్వ శాఖ ఇందులోకి రాదు. ఉపాధి కూలీకి, కానిస్టేబులుకు ఈ సెక్షన్ పనికిరానిది అందుకే. సున్నితమైన డేటా అంటే 2011 ఏప్రిల్ నిబంధనల ప్రకారం పాస్‌వర్డ్, బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, ఆరోగ్య పరిస్థితి, వైద్య రికార్డులు, లైంగిక ధోరణి, వేలిముద్రల వంటి బయోమెట్రిక్ సమాచారం. పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ఆధార్ నంబరు మాత్రమే లీకైతే ఈ జాబితాకు చిక్కవు. ఇక నష్టం. భయపడ్డాను, నిద్రపట్టలేదు అంటే సరిపోదు, నష్టం జరిగినట్టు చూపాలి. ఖాతాలోంచి డబ్బు పోవడం, పేరు మీద ఎవరో యాప్ లోను తీసుకోవడం అలాంటి రుజువులు.

దావా వేసేది సివిల్ కోర్టులో కాదు. 5 కోట్ల రూపాయల లోపు కేసులకు రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే అడ్జుడికేటింగ్ అధికారి. కోనసీమవాసికి ఆ ఆఫీసు వెలగపూడి సచివాలయం. దరఖాస్తు రుసుము 50 రూపాయలు, దానిపై అడిగే పరిహారాన్ని బట్టి ఫీజు ఉంటుంది. లక్ష దాటితే 5,000 రూపాయలు, మించిన మొత్తంలో 2 శాతం కట్టాలి. అంటే 3 లక్షలు అడిగితే ఫీజు 9,000. నెలజీతం మీద బతికేవాడికి ఇది చిన్న మొత్తం కాదు. నాలుగు నెలల్లో, మించితే ఆరు నెలల్లో తేల్చాలని నిబంధన. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో ఢిల్లీలోని అప్పీలు ట్రిబ్యునల్ టీడీశాట్‌కు, ఆపైన హైకోర్టుకు అప్పీలు.

నిబంధనలోని ఆరు నెలలకు, అనుభవానికి మధ్య దూరం చూడాలంటే తూత్తుకుడి కేసు ఉంది. అబుదాబిలో పనిచేస్తున్న ఒక ఖాతాదారు ఫిషింగ్ మోసంలో 2007లో సుమారు 6.46 లక్షలు పోగొట్టుకున్నాడు. తమిళనాడు అడ్జుడికేటింగ్ అధికారి 2010 ఏప్రిల్ 12న ఐసీఐసీఐ బ్యాంకు సుమారు 12.85 లక్షలు చెల్లించాలన్నారు. బ్యాంకు అప్పీలును టీడీశాట్ కొట్టివేసేసరికి 2019 వచ్చింది. అతడు బ్యాంకు ఖాతాదారు, ఉద్యోగి కాడు. అయినా దారి అదే, ఓపిక అంతే కావాలి.

2023 చట్టం ఇచ్చేది, తీసుకునేది

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. దాని తర్వాత వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల దాకా, లీకును తెలియజేయకపోతే 200 కోట్ల దాకా జరిమానా పెట్టింది. లీకు జరిగితే బాధితులందరికీ ఆలస్యం లేకుండా చెప్పాలి, ఈ చట్టం కింది డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లో వివరాలివ్వాలి. ఏం పోయింది, ఏ ముప్పు ఉంది, ఏ జాగ్రత్త తీసుకోవాలి అనేవి ఆ నోటీసులో ఉండాలి. ఉద్యోగికి ఇది నిజమైన లాభం.

కానీ ఆ జరిమానా మొత్తం భారత సంచిత నిధికి పోతుంది. డబ్బు పోగొట్టుకున్న ఉద్యోగికి అందులో ఒక్క రూపాయి రాదు. అంతకన్నా బాధాకరం, ఈ చట్టంలోని సెక్షన్ 44 పాత చట్టం నుంచి 43ఎను తొలగిస్తుంది. 2025 నవంబరు నోటిఫికేషన్ ప్రకారం ఆ తొలగింపు, సంస్థల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అంతకుముందే పుట్టిన హక్కుకు సాధారణ నిబంధనల చట్టం, 1897లోని సెక్షన్ 6 రక్షణ ఇస్తుంది. ఒక చేత్తో నోటీసు ఇచ్చి మరో చేత్తో పరిహారం తీసుకోవడం ఈ చట్టంలోని పెద్ద లోపం.

మిగిలిన దారులు

దొంగిలించినవారిపై క్రిమినల్ కేసుకు ఐటీ చట్టం సెక్షన్లు 66, 66సి, 66డి, ఒప్పందాన్ని మీరి సమాచారం బయటపెట్టినవారిపై 72ఎ, మోసానికి భారతీయ న్యాయ సంహిత 318 ఉన్నాయి. దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టరు, ఆపై స్థాయి అధికారి. 2024 జూలై 1 నుంచి ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. డబ్బు పోతున్నప్పుడు మాత్రం స్టేషనుకు పోయే ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వు ప్రకారం తప్పు తనదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్పిన ఖాతాదారుపై నష్టభారం పడదు. వేరేచోట లీకైన వివరాలతో జరిగిన మోసాల్లో ముందుగా పనికొచ్చేది ఈ ఉత్తర్వే.

యజమానికీ ఉద్యోగికీ మధ్య వినియోగదారు సంబంధం లేదు కనుక యజమానిపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదు. పీఎఫ్ సంగతి వేరు. పీఎఫ్ సభ్యుడు వినియోగదారేనని సుప్రీంకోర్టు 1999 డిసెంబరులో శివకుమార్ జోషి కేసులో చెప్పింది. బాధితుడు తన నివాసం ఉన్నచోటే ఫిర్యాదు వేయవచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు. ప్రభుత్వ శాఖ నుంచి లీకైతే అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ మిగులుతుంది.

విదేశాల్లోనూ ఇలాంటి కేసులున్నాయి. అమెరికా ఐటీ సంస్థ కాగ్నిజెంట్‌పై 2020 ఏప్రిల్‌లో మేజ్ రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఆ తర్వాత సంస్థ బాధిత ఉద్యోగులకు లేఖలు రాసింది. పిట్స్‌బర్గ్ వైద్య సంస్థ యూపీఎంసీ నుంచి 62,000 మంది ఉద్యోగుల వివరాలు పోయిన కేసులో, ఉద్యోగుల డేటాను కాపాడటం యజమాని బాధ్యతేనని పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2018 నవంబరులో తీర్పిచ్చింది. బ్రిటన్‌లో మారిసన్స్ సూపర్‌మార్కెట్ సంస్థ ఆడిటరు ఒకడు కక్షతో దాదాపు లక్షమంది ఉద్యోగుల జీతాల వివరాలు బయటపెట్టాడు. ఆ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 1న మారిసన్స్ సంస్థ బాధ్యురాలు కాదంది. కార్మికుడికి మొదటి తీర్పే న్యాయంగా కనిపిస్తుంది, మన చట్టసభలు చూడాల్సింది కూడా దాన్నే.

ఆధారాలు

ఈ కేసులు గెలిచేది, ఓడేది కాగితాల దగ్గరే. బ్యాంకు మెసేజ్, సంస్థ ఈ-మెయిల్, అపరిచిత ఫోన్ కాల్ సమయం, పీఎఫ్ పాస్‌బుక్‌లో మారిన ఫోన్ నంబరు, ఇవన్నీ తేదీతో సహా ఫోన్లోనే ఉంచి, వాటి ప్రింటు తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. ఫోన్ మార్చేసినా, మెసేజ్ తుడిచేసినా ఆ పత్రం ఇవ్వడం కష్టమవుతుంది. తర్వాత సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2011 నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి నెలలోపు పరిష్కరించాలి. ఆ ఉత్తరం రసీదే వెలగపూడిలో మొదటి సాక్ష్యం. క్రెడిట్ సంస్థలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే నివేదిక తీసుకుంటే పేరు మీద పుట్టిన దొంగ అప్పు తెలుస్తుంది.

ఫీజులకు, లాయరుకు డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. రొయ్యల పరిశ్రమలో పనిచేసే మహిళకు ఈ హక్కు రెండు విధాలా ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లోని న్యాయ సేవల కమిటీని అడగవచ్చు, లేదా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు. నష్టపోయిన కార్మికులు 43ఎ ఇంకా అమల్లో ఉండగానే పరిహారం దరఖాస్తు వేయాలి.