పలాస నుంచి కథ ఏ పోటీకి వెళ్లాలి?

ఉగాది, దీపావళి, సంక్రాంతి దగ్గరపడుతున్నాయంటే తెలుగునాట కథల పోటీల ప్రకటనలు మొదలవుతాయి. పలాస, టెక్కలి, మందస, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు రాసేవాళ్ల ఫోన్లలోకీ అవి వచ్చి చేరుతుంటాయి. ఎవరికైనా ముందు కళ్లబడేది బహుమతి మొత్తమే. మొదటి బహుమతి పదివేలా, పాతికవేలా, లక్షా అన్నదాన్ని బట్టి పోటీ పెద్దదో చిన్నదో తేల్చేసుకుంటాం. నూట ముప్పై ఏళ్ల తెలుగు పోటీల చరిత్ర తిరగేస్తే మాత్రం ఈ లెక్క నిలబడదు. పోటీ ఎలాంటిదో దాని ప్రకటన కన్నా దాని గతం బాగా చెబుతుంది. అందులో గెలిచిన రచనలు ఎక్కడ అచ్చయ్యాయి, వాటిని ఎవరు చదివారు, పదేళ్ల తర్వాత అవి దొరుకుతున్నాయా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకటానికి అన్నిటికన్నా అనువైన చోటు శ్రీకాకుళం పట్టణంలోనే ఉంది. టెక్కలి నుంచి యాభై కిలోమీటర్లు, పలాస నుంచి డెబ్బై పైచిలుకు. హైదరాబాదు రచయితకు కూడా లేని ఈ వెసులుబాటు ఈ ఉద్దానం ప్రాంతపు రచయితకు ఉంది.

తెలుగులో నవల కాళ్లూనుకున్నదే పోటీల ఆసరాతో. రాజమండ్రి నుంచి వెలువడిన ‘చింతామణి’ పత్రిక 1890లలో నవలల పోటీలు పెట్టింది. ఆ పత్రిక వెనక న్యాపతి సుబ్బారావు పంతులు, కందుకూరి వీరేశలింగం పంతులు ఉన్నారు. అప్పటికి తెలుగులో నవలలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’ 1894లో ఆ పోటీలో బహుమతి పొందింది, ఆయన్ని నవలాకారుడిగా నిలబెట్టింది. 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చారిత్రక నవలలకు పోటీలు పెడితే తెలుగులో చారిత్రక నవలలు వరసకట్టాయి. పోటీ పెట్టినవాళ్ల ఉద్దేశం ఏమిటో, ఆ కాలంలో ఏం రాశారో ఈ రెండిటికీ అంత దగ్గరి సంబంధం ఉంది. ఆ తర్వాత 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ పంచుకున్నాయి. ఒకటి పాత వ్యవస్థ కూలిపోతున్నందుకు పరితపించిన నవల. రెండోది జాతీయోద్యమ కాలంలో చదువుకున్న యువకుడి కథ. ఒకదానికొకటి పొసగని రెండు చూపులను పక్కపక్కన నిలబెట్టగలిగారంటే ఆ న్యాయనిర్ణేతలు ఏ మూసనూ ముందు పెట్టుకుని కూర్చోలేదని అనుకోవచ్చు. వాళ్లకు ముట్టిన డబ్బెంతో ఇవాళ ఎవరికీ పట్టదు. నవలలు మాత్రం తొంభై ఏళ్లుగా అచ్చవుతూనే ఉన్నాయి. నా దృష్టిలో మంచి పోటీకి ఇంతకు మించిన ఆనవాలు లేదు.

కథ విషయానికొస్తే అందరూ చెప్పేది ‘గాలివాన’. పాలగుమ్మి పద్మరాజు రాసిన ఈ కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. నియమాల చట్రంలో బతికే రావుగారు, రైల్లో తారసపడిన బిచ్చగత్తె, తుపాను రాత్రి ఒక చిన్న స్టేషను. కథలో ఉన్నది అంతే. ఉద్దానానికి గాలివానలు కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి తోటలూ దెబ్బ తిన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు దగ్గరలోనే తీరం దాటి కొబ్బరిని, జీడిని, పనసను నేలకు ఒరిగించింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది కనుక ఆ ఒక్క తెల్లవారుజాము నష్టం చాలా ఇళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. అలాంటి చోటునుంచి వచ్చే కథకు ఎక్కడి పాఠకుడైనా దొరుకుతాడని ‘గాలివాన’ ధైర్యమిస్తుంది. కానీ ఆ కథ నిలబడింది తుపాను బీభత్సం వల్ల కాదు, ఆ రాత్రి రావుగారు లోపల ఎలా మారారో చూపించినందువల్ల. బహుమతి వచ్చాక ఆ కథ పుస్తకాల్లోకి, అనువాదాల్లోకి వెళ్లింది. పోటీ వల్ల రచయితకు దక్కిన అసలు లాభం అదే.

ఆ తర్వాతి మూడు నాలుగు దశాబ్దాల్లో వారపత్రికలు, మాసపత్రికలే పోటీలకు ఇల్లుగా ఉన్నాయి. బహుమతి పొందిన కథ అదే పత్రికలో బొమ్మతో సహా వచ్చేది. టెక్కలి బస్టాండు పుస్తకాల దుకాణంలో వేలాడే ప్రతి నుంచి మద్రాసు ఇంటి వరండాదాకా ఒకే వారంలో చేరేది. బహుమతి, అచ్చు, పాఠకుడు మూడూ ఒకే మూటలో ఉండేవి కనుక పోటీని విడిగా పరీక్షించాల్సిన పని రచయితకు పడేది కాదు. ఇప్పుడు ఆ మూట విడిపోయింది. కరోనా మొదలైన 2020లో ‘నవ్య’, ‘ఆంధ్రభూమి’ వారపత్రికల అచ్చు ఆగిపోయింది. మరుసటి ఏడాది ‘విపుల’, ‘చతుర’ కూడా ఆగాయి. ‘స్వాతి’ లాంటివి ఇంకా పోటీలు జరుపుతున్నాయి, ప్రవాస సంఘాలూ జరుపుతున్నాయి. వాటి పక్కనే ఒక ప్రశంసాపత్రం బొమ్మతో, వాట్సాప్ గ్రూపులో అభినందనలతో ముగిసిపోయే పోటీలు బోలెడన్ని పుట్టుకొచ్చాయి. గెలిచిన కథ ఎక్కడా చదవటానికి దొరకదు. రచయితకు మిగిలేది ఒక శాలువా, ఒక జ్ఞాపిక. ఏడాది కష్టపడి రాసిన కథకు అది న్యాయం కాదు.

అందుకే శ్రీకాకుళం వెళ్లమంటున్నాను. కాళీపట్నం రామారావు, తెలుగువాళ్లందరికీ కారా మాస్టారు, తనకు అవార్డుల ద్వారా వచ్చిన డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న అక్కడ కథానిలయం ప్రారంభించారు. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. పాత వారపత్రికలు, ప్రత్యేక సంచికలు, సంపుటాలు అక్కడ అరల్లో ఉన్నాయి. కథల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో కూడా చదువుకోవచ్చు. కథలు ఎలా రాయాలో నేర్చుకోవటానికి అక్కడికి వెళ్లేవాళ్లు ఉన్నారు. పోటీలను తూకం వేయటానికి కూడా అంతకన్నా మంచి చోటు లేదు. మీరు పంపాలనుకుంటున్న పోటీలో గత మూడు నాలుగేళ్లు బహుమతి పొందిన కథల పేర్లు రాసుకుని, వాటిని వెతకండి. దొరికితే చదవండి. అవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, చివరి పేరాలో ఎవరో ఒకరు మారిపోయి కన్నీళ్లు పెట్టుకునేలా ఉంటే ఆ న్యాయనిర్ణేతల అభిరుచి ఏమిటో తెలిసిపోతుంది. ఒక్కటీ దొరక్కపోతే అదీ జవాబే. కొత్తగా పెట్టిన పోటీకి గతం ఉండదు కదా అంటే, దాని న్యాయనిర్ణేతలకు ఉంటుంది. వాళ్లు రాసిన కథలు అక్కడే దొరుకుతాయి. ఫలితాలు వచ్చేదాకా న్యాయనిర్ణేతల పేర్లు బయటపెట్టనివాళ్లు ఉంటారు. ఒత్తిడులు రాకుండా ఉండాలనేది వాళ్ల కారణం, అది సబబే. ఫలితాల తర్వాత కూడా చెప్పకపోవటానికి మాత్రం కారణం కనిపించదు.

ప్రకటనను కూడా తీరిగ్గా చదవాలి. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు కొనేవాడు డబ్బా మీది బొమ్మను చూసి బేరమాడడు. గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని చేతిలో పోసుకుని చూస్తాడు. ప్రకటనలోనూ అలా విడదీసి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ‘ఈ రచన నా సొంతం, అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, మరెక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు’ అని హామీ పత్రం అడుగుతారు. అడగటం న్యాయమే, కానీ ఫలితాల తేదీ లేని ప్రకటనకు ఆ హామీ ఇస్తే కథ ఎన్నాళ్లు కట్టుబడి ఉంటుందో తెలియదు. మరో చోటికి పంపటానికి వీలుండదు. ‘బహుమతి పొందిన రచనలపై సర్వహక్కులు నిర్వాహకులవే’ అన్న వాక్యం ఉంటే అక్కడే ఆగిపోవాలి. ఒకసారి ప్రచురించుకునే హక్కు అడగటం వేరు, సినిమాకు, అనువాదానికి, రచయిత సొంత సంపుటానికి కూడా అడ్డుపడే హక్కు అడగటం వేరు. దీనికి ఎదురుగా, చాలామంది పట్టించుకోని మంచి వాక్యం ఒకటి ఉంది: ‘బహుమతి రాకున్నా బాగున్న కథలను సాధారణ ప్రచురణకు స్వీకరిస్తాం’. వందల కథలు వచ్చే పోటీలో గెలిచేది ముగ్గురో నలుగురో కాబట్టి మిగిలినవాళ్లకు నిజంగా పనికొచ్చే వాక్యం ఇదే.

న్యాయనిర్ణేతలంతా ఎక్కడో ఉంటారు, మన ఉద్దానం మాట వాళ్లకు అర్థం కాదు, యాసలో రాస్తే పక్కన పెట్టేస్తారు అని ఈ ప్రాంతపు రచయితలు దిగులుపడటం సహజం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన జిల్లాలో ఈ దిగులు ఇంకా ఉండటం బాధాకరం. సాక్ష్యం మాత్రం వేరేగా ఉంది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’ నవలల పోటీలో 2017లో బహుమతి పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ రాయలసీమ మట్టిలోంచి వచ్చింది. 2019లో దానికే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. అదే ఏడాది ‘తానా’ రెండు లక్షల బహుమతి సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి ‘కొండపొలం’కు వచ్చింది. కడప గొర్రెల కాపరుల మాటలతో నిండిన ఆ నవల 2021లో సినిమా కూడా అయింది. బంజారా తండాల జీవితం రాసిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. యాస అడ్డమైన చోట్లు ఉంటాయి, నిజమే. అవి ఏవో తెలుసుకోవటానికే గత విజేతలను చదవమంటున్నది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఈ ప్రాంతాన్ని వదలని కిడ్నీ జబ్బుతో ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు తిరుగుతుంటే, తుపానుకు తోట పోయి ఉంటే, రాసేవాడికి పదివేలు పదివేలే. అచ్చు, పాఠకులు, చరిత్ర అని నీతులు చెబితే ఎలా? ఈ మాటకు ఎదురు చెప్పను. డబ్బు అవసరమైతే డబ్బున్న పోటీకే పంపాలి. కానీ డబ్బు అవసరమైన రచయిత ముందుగా దూరం పెట్టాల్సింది ప్రవేశ రుసుము అడిగే పోటీలను, గెలిచిన కథల సంకలనంలో ఇన్ని ప్రతులు మీరే కొనాలి అనే పోటీలను. నిజంగా విలువైనవి చాలావరకు ఉచితమే. సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్లలోపు రచయితల అచ్చయిన పుస్తకానికి 50,000 రూపాయలిస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే ప్రధానమంత్రి యువ పథకం 2021లో మొదలైంది. 30 ఏళ్లలోపు 75 మందిని ఎంచుకుని, ఆరు నెలలపాటు నెలకు 50,000 చొప్పున ఇచ్చి, పుస్తకం వేసి, రాయల్టీ కూడా ఇచ్చింది. దాని మొదటి విడత విషయం స్వాతంత్ర్యోద్యమం. 1940లో మందస జమీందారీ రైతు పోరాటంలో పోలీసు కాల్పులకు బలైన వీరగున్నమ్మ కథ ఉన్న నేలకు అలాంటి విషయం పరాయిది కాదు. కామన్వెల్త్ కథల పోటీకీ రుసుము లేదు. 2,000 నుంచి 5,000 పదాల కథ కావాలి, ఇంగ్లీషు అనువాదాన్ని అంగీకరిస్తారు. తెలుగు కథకు మంచి అనువాదకుడు దొరకటమే అక్కడ అసలు కష్టం.

పోటీలే లేకుండా ఈ ప్రాంతం గొప్ప సాహిత్యం ఇచ్చింది కదా అన్న మాట కూడా వినిపిస్తుంది. బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ ఏ బహుమతికీ కట్టలేదు. 1969లో ఆయన ప్రాణం పోయాక కూడా ఆ పాట జనం నోట మిగిలింది. కారా మాస్టారి ‘యజ్ఞం’ 1964లో ‘యువ’లో మామూలుగా అచ్చయి, దశాబ్దాల చర్చకు కారణమైంది. నేను ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. కథ పోటీలో పుట్టదు. పోటీ కోసమే కథ అల్లితే ఏమవుతుందో ఉద్దానం వాళ్లకు బాగా తెలియాలి. కిడ్నీ జబ్బు మీద బయటివాళ్లు రాసినవాటిలో ఒక్క మనిషి ముఖమైనా కనపడక, జబ్బు ఒక్కటే కనిపించే రచనలు ఎన్నో. ‘ఉత్తరాంధ్ర వెనకబాటు’ అని విషయం ఇచ్చే పోటీకి పంపేటప్పుడు స్థానిక రచయిత కూడా తెలియకుండానే అదే దారి పడతాడు. అందుకని విషయం మీద ఆంక్ష లేని పోటీనే ముందు చూసుకోవాలి. ఏ పోటీ నచ్చకపోతే పత్రికకు పంపటం ఎప్పుడూ ఉంది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో 1990 నుంచి వచ్చిన ‘కథ’ వార్షిక సంకలనాలు అచ్చయిన కథల్లోంచే ఏరుకున్నాయి.

ఇవన్నీ పాటించే పోటీ ఒకటి ఉద్దానంలోనే ఎందుకు ఉండకూడదు? విషయం స్వేచ్ఛగా వదిలేయాలి, యాసకు ఆంక్ష ఉండకూడదు, రుసుము తీసుకోకూడదు. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఉత్తరాంధ్ర వారు, ఒకరు సీమ నుంచో తెలంగాణ నుంచో రావాలి. ఎంచుకున్న ప్రతి కథకూ ఎందుకు ఎంచుకున్నామో పేజీ మించకుండా రాసి, ఆ అభిప్రాయాలను కథలతోపాటే అచ్చువేయాలి. పుస్తకం ప్రతులు పలాస, టెక్కలి, సోంపేట గ్రంథాలయాలకూ కథానిలయానికీ చేరాలి. హక్కులు రచయితలవే అని ప్రకటన మొదటి వాక్యంలోనే ఉండాలి. మొదటి బహుమతి అయిదువేలు చాలు. ఆ ఖర్చు భరించగల జీడి వ్యాపారులు కాశీబుగ్గలో ఉన్నారు. ఆ ప్రకటన రాయగల ఉపాధ్యాయులు ఈ మండలాలన్నిటిలోనూ ఉన్నారు.